లౌడు స్పీకరు అంచు చెప్పిన కథ

నిరుటి వేసవిలో మా కళాశాల విద్యార్థి ఒకడు ఒక జత పాత స్టీరియో స్పీకర్లను ఆటోలో వేసుకొని మా ఇంటికి వచ్చినాడు. అవి వాళ్ళ తాతగారివి. ఆయన ఉద్యోగరీత్యా కొంతకాలం అమెరికాలో ఉండి, తిరిగి వచ్చేటప్పుడు గ్రామఫోను రికార్డులతోపాటు వాటినీ తెచ్చుకొన్నారట. ఆయన పోయిన తరువాత అవి అటక ఎక్కినవి. ఇప్పుడు కుర్రవాడికి పైచదువు ఫీజుకు డబ్బు కావలసివచ్చినది. పాతసామాను కొనే వర్తకుడొకడు వాటిని చూచి, "ఇవి పోయిన స్పీకర్లు, చెక్క ధర ఇస్తాను" అన్నాడట. మరమ్మతు చేసే మరొకడు, "లోపలి సరుకంతా తీసేసి కొత్తది వేస్తాను, అప్పుడు మంచి ధర పలుకుతుంది" అన్నాడట.

"మాస్టారూ, ఉన్నవి ఉన్నట్టు అమ్మేయమంటారా? బాగుచేయించి అమ్మమంటారా?" అని అడిగినాడు.

ముందున్న గుడ్డ తెర తీసి చూచినాను. కాగితపు శంకువు చెక్కు చెదరలేదు. కాని శంకువుకూ, దానిని పట్టుకొనే ఇనుప చట్రానికీ నడుమ వలయంగా ఉండవలసిన మెత్తని అంచు మాత్రం వేలు తగిలితే చాలు, నల్లని జిగురుపొడిగా రాలిపోతున్నది. తక్కినదంతా బాగుండి అంచు ఒక్కటే ఎందుకు పోయినది? అది పోతే స్పీకరు పోయినట్టేనా? కుర్రవాని ప్రశ్నకు సమాధానం చెప్పవలెనంటే ముందు ఈ రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఆ జవాబు లౌడు స్పీకరు చరిత్రలో ఉన్నది.

తీగచుట్ట నుండి శంకువు దాకా

అయస్కాంత క్షేత్రంలో ఉంచిన తీగలో విద్యుత్తు ప్రవహిస్తే ఆ తీగపై బలం పనిచేస్తుందని ఉన్నత పాఠశాల విద్యార్థులందరూ చదువుకొన్నదే. ప్రవాహం దిశ మారితే బలం దిశ కూడా మారుతుంది. తీగను చుట్టగా చుట్టి, గుండ్రని అయస్కాంతపు సందులో వ్రేలాడదీసి, అందులోకి పాట రూపంలో హెచ్చుతగ్గులు చెందే విద్యుత్తును పంపితే, చుట్ట ఆ పాటకు అనుగుణంగా ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానికి ఒక కాగితపు శంకువును అంటిస్తే శంకువు గాలిని కదిలిస్తుంది. మనం వినేది ఆ గాలి కదలికనే.

ఇటువంటి కదిలే తీగచుట్టను జర్మన్ ఇంజనీరు వెర్నర్ సీమెన్స్ 1874లోనే ఒక పేటెంటులో వర్ణించినాడు. కాని అప్పటికి గ్రాహంబెల్ టెలిఫోను ఇంకా పుట్టలేదు గనుక ఆ చుట్టచేత మాట్లాడించే ఆలోచన అందులో లేదు. 1898లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జి కదిలే చుట్టతో బిగ్గరగా పలికే టెలిఫోనుకు పేటెంటు పొందినాడు. దానికి కావలసిన బలమైన విద్యుత్సంకేతాన్ని ఇచ్చే యాంప్లిఫైయరు ఇంకా రాకపోవడంవల్ల అదికూడా వ్యాప్తిలోకి రాలేదు. 1915లో కాలిఫోర్నియాలోని నాపా పట్టణంలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు కదిలే చుట్టకు పెద్ద బాకాను తగిలించి, మనిషి గొంతు చాలా దూరానికి వినిపించేటట్టు చేయగలిగినారు. దానికి 'మాగ్నవాక్స్' అని పేరు పెట్టినారు. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాండియాగో నగరంలో వేలాదిమంది జనానికి ఈ యంత్రం ద్వారానే ఉపన్యసించినాడు.

నేటి స్పీకరు రూపం మాత్రం 1925లో స్థిరపడినది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే శాస్త్రజ్ఞులు బాకా లేని స్పీకరును గురించి ఆ ఏడు ఒక వ్యాసం ప్రకటించినారు. వారు తేల్చిన విషయం మన కథకు ఆయువుపట్టు వంటిది. వ్రేలాడే ప్రతి వస్తువుకూ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది గదా! శంకువుకు కూడా అట్టిది ఉన్నది. ఆ పౌనఃపున్యం మనం వినదలచిన స్వరాల నడుమ పడితే ఆ ఒక్క స్వరమే మ్రోగి తక్కిన వాటిని మింగివేస్తుంది. అది అన్ని స్వరాల కంటె క్రిందుగా ఉంటే, పైనున్న స్వరాలన్నీ ఇంచుమించు సమంగా పలుకుతాయి. సహజ పౌనఃపున్యం తగ్గాలంటే శంకువును పట్టుకొన్న అంచు చాలా మెత్తగా, వదులుగా ఉండాలి.

ఆనాటినుండి అంచు ఒక సమస్య అయి కూర్చున్నది. అది మెత్తగా ఉండాలి, కాని తీగచుట్ట పక్కకు జరగకుండా కాపాడాలి. చుట్టకూ అయస్కాంతానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో కొంత భాగమే. రవ్వంత పక్కకు జరిగినా చుట్ట ఇనుముకు రాసుకొని గరగరమంటుంది. ఆ రోజుల్లో కొందరు మెత్తని తోలుతో అంచు కట్టినారు. కొందరు గుడ్డతో కట్టినారు. చౌకగా చేయదలచినవారు శంకువు కాగితాన్నే అంచు దగ్గర పలుచన చేసి, విసనకర్ర మడతలవలె మడిచి సరిపెట్టినారు.

గాలినే స్ప్రింగుగా వాడినవాడు

మంద్రస్వరాలు బాగా పలకాలంటే పెద్ద పెట్టె కావాలని 1950 ప్రాంతం వరకు అందరి నమ్మకం. ధ్వని ప్రియులు గది మూలలో బీరువా అంత పెట్టెలు పెట్టుకొనేవారు. పెట్టె చిన్నదైతే లోపలి గాలి శంకువును వెనుకనుండి నెట్టి బిరుసెక్కిస్తుంది, సహజ పౌనఃపున్యం పెరిగిపోతుంది. అందుకని లోపలి గాలిని అందరూ శత్రువుగా చూచినారు.

న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ధ్వని పునరుత్పత్తిని గురించి పాఠాలు చెప్పే ఎడ్గార్ విల్చర్ అనే ఉపాధ్యాయుడు దీనిని తలక్రిందులు చేసి ఆలోచించినాడు. అంచూ, చుట్ట దగ్గరి మడతగుడ్డా స్ప్రింగులుగా మంచివి కావు. వాటిని కొద్దిగా సాగదీస్తే ఒక రీతిగా, ఎక్కువ సాగదీస్తే మరొక రీతిగా ప్రవర్తిస్తాయి. స్వరం వంకరపోవడానికి అదే కారణం. మూసిన పెట్టెలోని గాలి అట్లా కాదు. చిన్న మార్పులకు అది ఎంత నొక్కితే అంత సమంగా తిరిగి నెడుతుంది. బాయిలు సూత్రం చదివిన విద్యార్థికి ఇది తెలియని సంగతి కాదు. అయితే గాలినే ప్రధానమైన స్ప్రింగుగా ఎందుకు వాడుకోకూడదు? అంచును బాగా వదులు చేసి, పెట్టెను గాలి చొరకుండా మూసివేస్తే చాలును గదా!

ఈ ఊహను ఆయన కొందరు తయారీదారుల ఎదుట పెడితే ఎవరూ తీసుకోలేదు. ఆయన తరగతిలో చదువుకొన్న హెన్రీ క్లాస్ మాత్రం దాని విలువ గ్రహించినాడు. గురుశిష్యులిద్దరూ 1954లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో 'అకౌస్టిక్ రిసెర్చి' అనే సంస్థను స్థాపించి 'ఏఆర్-1' అనే స్పీకరును తయారు చేసినారు. 1958లో వచ్చిన 'ఏఆర్-3' పెట్టె పొడవు సుమారు 25 అంగుళాలు, వెడల్పు 14 అంగుళాలు, లోతు 11 అంగుళాల పైచిలుకు మాత్రమే. పుస్తకాల అరలో పట్టే ఆ పెట్టె, బీరువాలంత పెట్టెలకు సాటివచ్చే మంద్రస్వరం పలికినది. ఆ సంస్థవారు వేదికపై సంగీత విద్వాంసులను కూర్చోబెట్టి, నడుమ నడుమ వారి వాద్యాలను ఆపించి రికార్డును స్పీకర్లద్వారా వినిపించేవారు. ఎప్పుడు విద్వాంసులు వాయిస్తున్నారో, ఎప్పుడు స్పీకరు పలుకుతున్నదో శ్రోతలలో చాలామంది పోల్చుకోలేకపోయినారు.

ఈ చిన్న పెట్టె మంచి సమయంలో పుట్టినది. రెండు స్పీకర్లతో వినే స్టీరియో పద్ధతికి బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లూమ్లైన్ 1931లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టినా, స్టీరియో రికార్డులు విరివిగా బజారులోకి వచ్చినది 1958లోనే. బీరువా వంటి పెట్టెలు రెండు పెట్టడానికి ఎవరి ఇంట్లో చోటున్నది? చిన్న పెట్టెలైతే ఒక జత సులువుగా ఇముడుతుంది. తరువాతి రెండు దశాబ్దాలలో ఎన్నో కంపెనీలు ఈ మూసిన పెట్టె పద్ధతినే అనుసరించినవి. మా విద్యార్థి తెచ్చిన జత కూడా ఆ జాతిదే.

కొత్తది ముందు పోయినది

ఏఆర్-3 అంచు గుడ్డతో చేసినది. గాలి కారకుండా దానికి జిగురుపూత పూసేవారు. తరువాత అంతకంటె మెత్తనిది, తేలికైనది, అచ్చులో సులభంగా తయారయ్యేది ఒకటి దొరికినది. అదే పాలియురేథేన్ నురుగు. మనం పరుపులలో, కుర్చీలలో వాడే స్పంజి దాని బంధువే. పాలియురేథేన్ రసాయనాన్ని జర్మనీలో ఒట్టో బాయర్, ఆయన సహచరులు 1937లో కనుగొన్నారు. మెత్తని నురుగు 1950 తరువాత వ్యాపారంలోకి వచ్చినది. 1970 ప్రాంతం నుండి అనేక కంపెనీల స్పీకర్లకు నురుగు అంచులు వచ్చినవి. 1967లో వెలువడిన ఏఆర్-3ఏ కూడా మొదట గుడ్డ అంచుతో వచ్చి, పిమ్మట నురుగు అంచుకు మారినది.

వదులైన అంచు కోరినవారికి నురుగు వరంగా కనిపించినది. కాని దాని లోపం వెంటనే బయటపడేది కాదు. స్పీకర్లలో తరచుగా వాడిన నురుగు పాలియెస్టరు జాతిది. దాని పొడవైన అణువుల గొలుసులో ఎస్టరు బంధాలు ఉంటాయి. గాలిలోని తేమ ఆ బంధాలను ఒక్కొక్కటిగా తెంపుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. తెగినచోట ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం తక్కిన బంధాలు తెగడాన్ని ఇంకా వేగిరపరుస్తుంది. వేడి దానికి తోడవుతుంది. నురుగు అంటే సన్నని గోడల గదుల సముదాయం గనుక తేమకు దొరికే ఉపరితలం కూడా చాలా ఎక్కువ. అందువల్ల ఒకటి రెండు దశాబ్దాలలో అది పొడి అయి రాలుతుంది. స్పీకరును వాడినా, వాడకపోయినా ఒకటే. అటకమీద భద్రంగా దాచినంత మాత్రాన రసాయన చర్య ఆగదు.

అందుచేత ఒక విచిత్రం జరిగినది. 1960 నాటి గుడ్డ అంచులు అనేకం నేటికీ నిలిచి ఉన్నవి. ఆ తరువాత పదిహేనేళ్ళకు వచ్చిన నురుగు అంచులు ఎప్పుడో రాలిపోయినవి.

అంచు పోతే స్పీకరు పోయినట్టా?

ఇక్కడ విల్చర్ ఆలోచన మనకు అక్కరకు వస్తుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. సహజ పౌనఃపున్యం బిరుసుతనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. ఒక స్పీకరును పెట్టెనుండి తీసి బయట ఉంచితే దాని సహజ పౌనఃపున్యం సెకనుకు 20 కంపనాలు, పెట్టెలో బిగిస్తే 40 కంపనాలు అనుకొందాం. పౌనఃపున్యం రెండింతలైనదంటే బిరుసుతనం నాలుగింతలైనదన్నమాట. ఆ నాలుగు పాళ్ళలో అంచు, మడతగుడ్డ కలిసి ఇచ్చేది ఒక పాలు. తక్కిన మూడు పాళ్ళూ గాలివే.

ఇప్పుడు పాత అంచు స్థానంలో కొంచెం బిరుసైన కొత్త అంచు వేసినందువల్ల మొదటి పాలు రెండింతలైనదనుకొందాం. మొత్తం నాలుగు పాళ్ళు అయిదు అవుతాయి. పౌనఃపున్యం 40 నుండి 45కు మించదు. అదే బిరుసుతనం అంతా అంచుమీదా మడతగుడ్డమీదా ఆధారపడిన స్పీకరైతే 20 కాస్తా 28 అవుతుంది. అనగా మొదటిదానిలో మార్పు నూటికి 12 పాళ్ళు, రెండవదానిలో 41 పాళ్ళు.

దీనినిబట్టి తేలినదేమి? మూసిన పెట్టె స్పీకరులో అంచు ప్రధానమైన స్ప్రింగు కాదు. అది గాలి కారకుండా ఆపే మూత, చుట్టను నడుమ నిలిపే కాపు. అది చెప్పు అట్టవంటిది. అరిగినది మార్చుకోవచ్చును. స్పీకరు స్వభావాన్ని నిర్ణయించేవి చుట్ట, అయస్కాంతం, శంకువు బరువు, పెట్టె ఘనపరిమాణం, స్వరాలను విడదీసే వలయం. ఇవి చెడనంతవరకు అది పోయిన స్పీకరు కాదు. "పోయినవి" అన్న వర్తకుని మాట తప్పు. అంతా తీసి కొత్తది వేస్తానన్న రెండవవాని మాట అంతకంటె తప్పు. అట్లా చేస్తే పెట్టె మిగులుతుంది, స్పీకరు మిగలదు.

నాలుగు పరీక్షలు

నిర్ణయానికి ముందు మేము నాలుగు పరీక్షలు చేసినాం. ఇవి ఏ పాఠశాలలోనైనా చేయదగినవే.

మొదటిది: శంకువును రెండు చేతుల వేళ్ళతో చుట్టూ సమంగా, మెల్లగా లోపలికి నొక్కినాం. గరగర శబ్దం రాలేదు. అంటే చుట్ట వంకరపోలేదు, కాలలేదు. చిరిగిన అంచుతో స్పీకరును గట్టిగా మ్రోగిస్తే శంకువు హద్దు మీరి ఊగి, చుట్ట ఇనుముకు రాసుకొని నిజంగానే పాడవుతుంది. "పలుకుతున్నది చూడండి" అని కొనేవారికి వినిపించాలనే ఉబలాటం ఈ స్థితిలో ప్రమాదకరం.

రెండవది: స్పీకరు తీగలను వలయంనుండి విడదీసి, ఓమ్ మీటరుతో చుట్ట నిరోధం కొలిచినాం. స్పీకరుపై ముద్రించిన అంకెకు కొంచెం తక్కువగా రావాలి. 8 ఓములు అని ఉన్నచోట సుమారు 6 వస్తే మంచిదే. అనంతం చూపితే తీగ తెగినట్టు. రెండు చుట్టలూ సమంగానే చూపినవి.

మూడవది: ఒకటిన్నర వోల్టుల టార్చి బ్యాటరీని క్షణంపాటు తగిలించి చూచినాం. ధన ధ్రువాన్ని ధన గుర్తుకు కలిపితే రెండు శంకువులూ ఒకే దిశలో కదలాలి. ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు పోతే, కలిపి మ్రోగించినప్పుడు మంద్రస్వరాలు ఒకదానినొకటి రద్దుచేసుకొంటాయి.

నాలుగవది: స్వరాలను విడదీసే వలయంలోని కెపాసిటర్లను ఒక్కొక్క కొన విడదీసి కొలిచినాం. ఎలెక్ట్రొలైటిక్ రకం కెపాసిటర్లు ఏళ్ళు గడిచిన కొద్దీ లోపలి ద్రవం ఎండి విలువ మారుతాయి. వీటి విలువలు ముద్రించిన విలువకు దగ్గరగానే ఉన్నవి గనుక వాటి జోలికి పోలేదు. పెట్టెలో కూరిన గాజుదూదిని కూడా తీయలేదు. అది వట్టి పాకింగు కాదు. గాలి సంకోచించినప్పుడు పుట్టే వేడిని పీల్చి గాలి స్ప్రింగును మెత్తబరచడానికి పెట్టినది.

మరమ్మతు, అమ్మకం

ఇంతవరకు వచ్చిన తరువాత నిర్ణయం కష్టం కాలేదు. బాగుచేస్తే పెరిగే ధర, మరమ్మతు ఖర్చుకంటెనూ, పాడుచేసే ప్రమాదపు విలువకంటెనూ కలిపి ఎక్కువ ఉన్నప్పుడే బాగుచేయాలి. కొత్త నురుగు అంచు ఖరీదు స్వల్పం. చుట్ట, అయస్కాంతం బాగుండడంవల్ల ప్రమాదం కూడా స్వల్పమే. చుట్ట కాలి ఉంటే, లేక సరియైన కొలత అంచు దొరకకపోతే, ఉన్నవి ఉన్నట్టు అమ్మివేయుమనే నేను సలహా ఇచ్చేవాడిని. అరకొర మరమ్మతుకంటె ముట్టుకోని వస్తువే తెలిసినవాని చేతిలో ఎక్కువ విలువైనది.

రెంటిలో ఒకదాని అంచు కొంత నిలిచే ఉన్నది. "దీనిని వదిలేద్దామా మాస్టారూ?" అని కుర్రవాడు అడిగినాడు. కూడదన్నాను. స్టీరియోలో రెండు స్పీకర్లూ ఒకే విధంగా పలికితేనే పాడేవాడు నడుమ నిలుచున్నట్టు తోస్తుంది. ఒకటి కొత్త అంచుతో, మరొకటి పాత అంచుతో ఉంటే అది జత కాదు. అమ్మేది జతను గనుక బాగుచేయవలసినదీ జతనే.

పాత నురుగును గీకి శుభ్రం చేయడానికే ఒక పూట పట్టినది. చుట్ట నడుమ నిలిచేటట్టు దాని చుట్టూ సన్నని ప్లాస్టిక్ ముక్కలు దోపి, కొత్త అంచు అంటించి, ఒక రోజు ఆరనిచ్చినాం. మొదటి స్పీకరు చక్కగా వచ్చినది. రెండవదానిలో నేనే తొందరపడి జిగురు ఆరకముందే ముక్కలు లాగినాను. నొక్కితే సన్నని గరగర. తిరిగి ఊడదీసి, మరొక అంచు తెప్పించి, ఈసారి కుర్రవాని చేతనే అంటింపించినాను. వాడు నాకంటె ఓపికగా చేసినాడు. పెట్టెలో బిగించిన పిమ్మట శంకువును నొక్కి వదిలితే, అది టక్కున ఎగిరిపడక, మెల్లగా తిరిగి వచ్చినది. లోపలి గాలి కారడం లేదనడానికి అదే గుర్తు.

అమ్మేరోజున మరొక ప్రశ్న వచ్చినది. అంచు మార్చిన సంగతి కొనేవారికి చెప్పాలా? "చెబితే ధర తగ్గిస్తారేమో" అన్నాడు. "అంచు పాతదే అని నమ్మి కొన్నవాడు రేపు ఇది చిరుగుతుందని భయపడుతూ వింటాడు. ఈ ఏడు మార్చినదని తెలిసినవాడు ఇంకొక పదేళ్ళు నిశ్చింతగా వింటాడు. దాచి నీకు ఒరిగేదేమిటి?" అన్నాను. వాడు ఒక కాగితంమీద అంచు ఎప్పుడు మార్చినదీ, ఏవేవి మార్చనిదీ, ఓమ్ మీటరు చూపిన అంకెలూ వ్రాసి, పెట్టె వెనుక అంటించినాడు. కొన్న పెద్దమనిషి ముందు ఆ కాగితమే చదివినాడు. తరువాతనే పాట పెట్టమన్నాడు. బేరం చెక్క ధరకు ఎన్నో రెట్లు కుదిరినది. ఫీజు కట్టగా మిగిలిన డబ్బుతో కుర్రవాడు మొదట కొన్నది ఓమ్ మీటరు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పాడైన రేడియోలోనో, టేపు రికార్డరులోనో ఒక చిన్న స్పీకరు ప్రతి ఊరిలోను దొరుకుతుంది. దానిని తరగతికి తెచ్చి, టార్చి బ్యాటరీ తగిలించి, శంకువు కదలడం పిల్లలకు చూపండి. ఆ తరువాత వారినే అడగండి: ఇందులో కాలం తినివేసేది ఏది, తినివేయనిది ఏది? పాత వస్తువును పారవేయాలా, బాగుచేయాలా అన్న ప్రశ్నకు జవాబు అక్కడినుండి వారే వెదుక్కొంటారు.